ముప్ఫై ఒకటో నంబరు బిళ్ళ

సెయింట్ వెండెలిన్, మిస్సోరి
మే 11, సోమవారం

అన్నయ్య క్లెమెంట్‌కు,

చెల్లెలు వెరీనా నమస్కారం. నువ్వు క్షేమమేనని అడగకుండానే తెలుసు. నిన్న చర్చి మెట్ల మీద నీ నవ్వు పోస్టాఫీసు దాకా వినపడింది. నేనూ క్షేమమే.

ఈ ఉదయం షెడ్డు తలుపు తీసేసరికి, మేకుల డబ్బాలో పడి ఉన్న నీ ఇత్తడి నంబరు బిళ్ళ మీద సాలెపురుగు గూడు కట్టి ఉంది. బిళ్ళ అంచు నుంచి డబ్బా అంచు దాకా తొందరపడకుండా అల్లుకుంది. నవంబరులో నాన్నను సమాధి చేసి వచ్చిన సాయంత్రం నువ్వు ఆ బిళ్ళను అందులో పడేశావు. ఆరు నెలలుగా దాన్ని ఎవరూ కదపలేదనడానికి ఆ గూడే సాక్ష్యం.

రోడ్డుకు అటు నువ్వు, ఇటు నేను. అయినా ఉత్తరం ఎందుకంటే, ఎదురుగా నిలబడితే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. కాగితానికి నువ్వు అడ్డు రాలేవు. నవ్వాలనిపిస్తే నవ్వుకో, కానీ చివరిదాకా చదువు.

బోర్డు సంగతి నీకు తెలుసు. తెలియనట్టు నటిస్తున్నావు కాబట్టి రాస్తున్నాను. షెడ్డు తలుపు పక్కన నాలుగు మేకులు. తూర్పు గట్టు, ఊట, పాత సున్నపు బట్టీ, స్మశానం పక్క పొలం. టర్కీ వేట రోజుల్లో ఎవరు ఎటు వెళ్తే ఆ మేకుకు తన ఇత్తడి బిళ్ళ తగిలించి వెళ్ళాలి. ఒక మేకుకు బిళ్ళ ఉంటే రెండోవాళ్ళు ఆ దిక్కుకు పోకూడదు. తగిలించకుండా అడవిలో అడుగు పెట్టకూడదు. నాన్నది ఏడో నంబరు, నాది పద్నాలుగు, నీది ముప్ఫై ఒకటి. నాన్న మనల్ని వేరే ఏ విషయంలోనూ కొట్టలేదు. బిళ్ళ మరిచిపోయినందుకు నిన్ను ఒకసారి కొట్టాడు. నీ చెంప మీద ఆ వేళ్ళు నాకు ఇప్పటికీ గుర్తే.

అంత్యక్రియల భోజనం అయ్యాక వంటింటి బల్ల దగ్గర నువ్వన్న మాటలు కూడా గుర్తే. "ముసలాడి పిచ్చితో ఇన్నేళ్ళు వేగాం. ఇంక ఆ బిళ్ళలూ గిళ్ళలూ లేవు. నా అడవిలోకి నేను పోవడానికి నాకెవడే పర్మిషనిచ్చేది?" అన్నావు. తూర్పు గట్టును సెయింట్ లూయిస్ నుంచి వచ్చే వేటగాళ్ళకు లీజుకిస్తానన్నావు. మరి సిస్టర్ల పిట్ట మాటేమిటని నేనడిగాను. నా గొంతు నాకే వినపడలేదు, నీకు ఎలా వినపడిందో తెలియదు.

అది నా కోసం మొక్కిన మొక్కు. నేను ఏడో నెలలో పుట్టి, బతకనని డాక్టరు చెప్పిన రాత్రి, కాన్వెంటు సిస్టర్లు నలుగురు నన్ను వెచ్చగా పడుకోబెట్టిన పెట్టె చుట్టూ కూర్చుని తెల్లవార్లూ జపం చేశారు. నేను బతికితే ప్రతి వసంతంలో వేటలో దొరికిన మొదటి టర్కీ పుంజు మీ బల్ల మీదికేనని నాన్న వాళ్ళకు మాటిచ్చాడు. ఇరవై నాలుగేళ్ళు ఆ మొదటి పిట్ట మన ఇంటికి రాలేదు. నాన్న అడవి నుంచి నేరుగా కాన్వెంటుకే వెళ్ళేవాడు. రెండోది వస్తే మనకు, రాకపోతే లేదు.

అప్పుడు నువ్వు బల్ల మీద చెయ్యి కొట్టి పందెం వేశావు. "సరే, ఈ ఏడు నువ్వే కొట్టి తీసుకెళ్ళు. నాన్న ఒక్క ఏడు కూడా తప్పలేదు. నువ్వు ఒక్క పిట్ట కొట్టు, గట్టూ ఉంటుంది, బోర్డూ ఉంటుంది. కొట్టలేదనుకో, రెండూ పోతాయి. పుస్తకంతో మాత్రం కొట్టకేం." వదిన నవ్వలేదు. మిగతా అందరూ నవ్వారు.

నేను స్కూలు లైబ్రరీలో పుస్తకాలకు అట్టలు వేసే మనిషిని. తుపాకీ పట్టుకోవడం నాన్న నేర్పాడు గానీ ప్రాణం ఉన్నదాని మీద ఎప్పుడూ కాల్చలేదు. అది తెలిసే పందెం వేశావు. పెట్టలా కూసి పుంజును రప్పించే నాన్న పిలుపు డబ్బా కూడా అదే రోజు నీ జేబులో వేసుకున్నావు. మూత పక్క చీలిక పడి, మూడో కూత దగ్గర గొంతు పగిలే ఆ దేవదారు డబ్బా. నాకు గీకి కూత తెప్పించే పలక ముక్కా పుల్లా మిగిలాయి. నేను అవే తీసుకున్నాను.

మూడు వారాలు వెళ్ళాను. వదిన నీకు చెప్పే ఉంటుంది. చీకటితో లేవడం, పద్నాలుగో నంబరు బిళ్ళ తూర్పు గట్టు మేకుకు తగిలించడం, తెల్ల ఓక్ చెట్టు మొదలుకు వీపు ఆనించి కూర్చోవడం. వేట ముగించాల్సిన వేళ మధ్యాహ్నం ఒంటిగంట. బడి ఉన్న రోజుల్లో ఏడింటికే లేచి పరిగెత్తేదాన్ని. మొదటి వారం వాన. రెండో వారం ఒక పుంజు చెట్టు మీద నుంచి కూసి, దిగి, నాకు వీపు చూపించి కొండ అవతలికి పోయింది. పురుగులు నన్ను కుట్టి తిన్నాయి. పలక మీద నా కూత మొదట్లో తలుపు బందు కిర్రుమన్నట్టు ఉండేది. మూడో వారానికి పెట్ట గొంతు వచ్చింది.

జపం కూడా చేశాను. కోపంతో చేశాను, అది నీకు తెలియాలి. దేవుణ్ణి పిట్టనిమ్మని అడగలేదు. మా అన్న ముఖం మీద కొట్టడానికి ఒక పిట్టనిమ్మని అడిగాను. సిస్టర్లు నేర్పిన జపాల్లో అలాంటిది లేదు.

శనివారం ఆఖరి రోజు. ఆదివారం నాన్న తుపాకీ ముట్టేవాడు కాదు, నేనూ ముట్టను. ఇంకా మంచు విడవకముందే ఒక పుంజు గట్టు కింద కూసింది. నేను పలక మీద పిలిచాను. అది జవాబిచ్చింది. ఇంకోసారి పిలిచేలోపు కింద నుంచి ఒక పెట్ట అందుకుంది. మూడో కూత దగ్గర గొంతు పగిలే పెట్ట. అలాంటి పెట్టలు అడవిలో తక్కువ.

పుంజు ఆ దెబ్బకు నోరు మూసుకుంది. రెండు దిక్కుల నుంచి పిలుపు వస్తే ఎటూ రాదు, నీకు తెలిసిన సంగతే. కానీ ఆ పెట్ట ఊరుకోలేదు. నేను పిలిస్తే అది పలికింది, అది పలికితే నేను పిలిచాను. గంటసేపు. నాన్న పోయాక నాతో అంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత పడిపోయిన దుంగ వెనక ఒక తల లేచింది. ముప్ఫై అడుగులు. ఎరుపు, పైన తెలుపు, పుంజు తల రంగులే. తుపాకీ అప్పటికే నా మోకాలి మీద ఉంది. నాన్న మాట నీకు గుర్తుందా? "కుచ్చు కనపడందే వేలు కదపకు. తల చూసి కాల్చేవాడు వేటగాడు కాదమ్మా, తొందరగాడు." పుంజుకు రొమ్ము మీద వేలాడే ఆ నల్ల కుచ్చు కోసం చూశాను. దుంగ అడ్డం. కుచ్చు కనపడలేదు. నేను కాల్చలేదు. తల వంగింది, ఆకులు చప్పుడు చేశాయి, వెళ్ళిపోయింది. ఒంటిగంట దాకా కూర్చున్నాను. ఇంకేమీ రాలేదు.

ఇంతే జరిగింది. ఈ మాత్రమే బట్టలారేసే తీగ దగ్గర వదినకు చెప్పాను. అది రాత్రికే నీకు చేరింది. నిన్న పొద్దున పూజ కాగానే మెట్ల మీద నీ స్నేహితులందరి మధ్యా మొదలుపెట్టావు. "ముప్ఫై అడుగుల్లో వచ్చి నిలబడిందట్రా! మా కన్యాస్త్రీ గారు దానికి కథ చదివి, జోకొట్టి, దుప్పటి కప్పి పంపించారు" అన్నావు. ఎవరో, "పుంజు పేరేంటని అడిగావామ్మా?" అన్నారు. నేను గొడుగు పిడిని చూస్తూ నిలబడ్డాను. నువ్వు శనివారం ఎక్కడున్నావని ఇంకెవరో అడిగితే, "నేనెక్కడికి పోతాను, పొద్దుటి నుంచీ ట్రాక్టరు కిందే" అన్నావు. సరే. ట్రాక్టరు కిందే.

అంతలో ఓక్ పుప్పొడికి నీకు వచ్చే తుమ్ములు వచ్చాయి. నాన్నకు లాగే మూడు, ఒకదాని వెంట ఒకటి. తెల్ల టోపీ పైకి నెట్టి, మెడలోని నాన్న ఎర్ర రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నావు. అందరూ "దేవుడు చల్లగా చూడాలి" అన్నారు, నేను తప్ప. నువ్వది కనిపెట్టి, "కాన్వెంటు చదువులో ఆ పాటి మర్యాద కూడా నేర్పలేదా?" అన్నావు. నేర్పారు. నేను అనలేదు.

అక్కడి నుంచి కాన్వెంటుకు ఖాళీ చేతులతో నడిచి వెళ్ళాను. నాన్న వెళ్ళినట్టు వంటింటి గుమ్మం వైపు వెళ్ళాను. ఇప్పుడు అక్కడ ముగ్గురే ఉన్నారు. నా పెట్టె చుట్టూ కూర్చున్నవాళ్ళలో సిస్టర్ వాల్‌బర్గా ఒక్కరే మిగిలారు, ఎనభై తొమ్మిదేళ్ళు. నేను గుమ్మంలోనే నిలబడి, ఈ ఏడు పిట్ట లేదని, నాన్న ఒక్క ఏడూ తప్పని మొక్కు నా వల్ల తప్పిందని చెప్పేశాను. బడిలో పద్యం అప్పజెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మళ్ళీ చెప్పించుకున్నారు. తర్వాత నవ్వారు. నీలా కాదు. "ఎవరే తప్పనిది? మీ నాన్నా? సగం ఏళ్ళు ఉత్త చేతులూపుకుంటూ వచ్చేవాడు కదే! ఆ రోజుల్లో నేనే గుడ్లు కొట్టి పోసేదాన్ని. పిట్ట తెచ్చిన ఏడు గుమ్మంలో ఇచ్చేసి పోయేవాడు. తేని ఏడు కూర్చుని తినేవాడు. మాకు తేని ఏళ్ళే బావుండేవి" అన్నారు.

అన్నయ్యా, నీ పందెం మొత్తం నిలబడింది ఆ ఒక్క మాట మీద. నాన్న ఒక్క ఏడు కూడా తప్పలేదు. నువ్వు దాన్ని జీవితమంతా నా నెత్తిన మోదావు, బహుశా నీ నెత్తిన కూడా. అది నిజం కాదు. మొదటి పిట్ట ఇంటికి రాదు కాబట్టి మనకెవరికీ తెలియలేదు.

సిస్టర్ ఇంకొక మాట చెప్పారు. నాకు రెండేళ్ళప్పుడు, అంటే నీకు పదకొండు, నాన్న ఒక ఉదయం పిట్ట లేకుండా వచ్చి కుర్చీలో కూలబడ్డాడట. ఏమైందని అడిగితే, "ఇవాళ దేవుడు నాకేమీ ఇవ్వలేదు సిస్టర్. అందుకు ఆయన కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవాలి" అన్నాడట. లేచి వెళ్ళేముందు హాస్టలు చాకిరేవు గదిలో వాడకం పోయిన ఇత్తడి బిళ్ళలున్నాయి కదా, అవి ఇస్తారా అని అడిగాడట. పూర్వం హాస్టలు పిల్లల బట్టల మూటలకు కట్టిన నంబరు బిళ్ళలు. డబ్బా అంతా గుమ్మరించి, చేతికి దొరికిన మొదటిది తీసి, "ఇది మా అబ్బాయికి" అన్నాడట. ముప్ఫై ఒకటి.

ఆ వారమే షెడ్డు దగ్గర బోర్డు లేచింది. అంతకు ముందు మన ఇంట్లో బోర్డు లేదు. ఆ ఉదయం నువ్వు బడికే వెళ్ళావా? నేను నిన్ను అడగడం లేదు. నిన్ను నువ్వు అడుక్కో.

గుడ్లు పొరటు చేసి, తోటలో ఉల్లికాడలు తరిగి వేసి, రై రొట్టెతో పెట్టారు. తినేముందు ప్రార్థన నన్ను చెప్పమన్నారు. నాకు పుస్తకంలో ఉన్నవన్నీ వచ్చు, ఒక్కటీ గుర్తు రాలేదు. చివరికి, "రానిదానికి వందనాలు ప్రభూ" అన్నాను. ముగ్గురూ ఆమెన్ అన్నారు. అంత ఆకలితో నేను ఎప్పుడూ తినలేదు. అంత నమ్మకంతో ఎప్పుడూ ప్రార్థన చేయలేదు కూడా. ఈ మాట నీకు చెప్పడం నాకు ఇష్టం లేదు, కానీ నిజం కాబట్టి రాశాను.

బయల్దేరుతుంటే సిస్టర్ కిటికీలోంచి గేటు వైపు చూపించారు. నాకంటే ఒక రోజు ముందు ఒక ఆకుపచ్చ పికప్ ఆ గేటు దాకా వచ్చి, ఇంజను ఆపకుండా చాలాసేపు ఆగి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయిందట. "మీ అన్నది అలాంటి బండే కదా? లోపలికొస్తే పోయేదేముంది, గుడ్లున్నాయిగా" అన్నారు. అంటే నువ్వూ అదే పిట్ట కోసం తిరిగావు, నాకు చెప్పకుండా. దొరికి ఉంటే నా ముందు గుమ్మంలో పెట్టి నన్ను చంపేసేవాడివి. దొరకలేదు కాబట్టి గేటు దగ్గరే తిరుగుముఖం పట్టావు. ఖాళీ చేతులతో లోపలికి నడవడానికి నీకు ధైర్యం చాలలేదు. నాకు చాలింది. ఈ ఒక్కటి నేను నీ మీద గెలిచాను, దీన్ని నీకు మరిచిపోనివ్వను.

పందెం నువ్వు గెలిచావు. బుధవారం సెయింట్ లూయిస్ ఆయన వస్తే గట్టు చూపించు, లీజు రాసుకో. నేను అడ్డం రాను. కానీ బోర్డు తీయడానికి వీల్లేదు. ఆయనకూ ఆయన మనుషులకూ బిళ్ళలు ఇస్తాను, సిస్టర్ల దగ్గర ఇంకా డబ్బా సగం ఉంది. తగిలించనివాడు, ఎంత డబ్బిచ్చినవాడైనా, మన కంచె దాటడు. దాటినవాణ్ణి నువ్వే వెనక్కి పంపాలి. నాన్న పిలుపు డబ్బా ఈ వారంలో నా గుమ్మం ముందుండాలి. ఇంకోసారి ఎరుపో తెలుపో వేసుకుని అడవిలోకి పోతే, చిన్నప్పుడు పిల్లలందరి ముందూ నీ సాక్సులు విప్పించిన మన నాన్నలా నేనూ విప్పిస్తాను. నవ్వకు. నీ తెల్ల సాక్సుల కోసం ఆయన ఎందుకు అంతగా అరిచాడో నీకే తెలుసు, పుంజు తల రంగులు నీకు కొత్త కాదు.

నిన్ను క్షమించానని రాయడం లేదు. సిస్టర్లు అడిగారు, ఇంకా లేదని చెప్పాను. జపంలో నీ పేరు మాత్రం చెబుతున్నాను, పళ్ళు బిగించి.

సాలెగూడు తుడిచాను. నీ బిళ్ళను నీ చేత్తో నువ్వే తగిలించుకోవాలి, అందుకే దీనితో పాటు కవరులో పెడుతున్నాను.

ఇష్టమున్నా లేకపోయినా నీ చెల్లెలు,
వెరీనా

తా.క.: పైన ఒక ముక్క వదిలేశాను. వదినకూ చెప్పలేదు, సిస్టర్‌కూ చెప్పలేదు. శనివారం దుంగ వెనక ఎర్రగా, పైన తెల్లగా ఆ తల లేచినప్పుడు నేను తుపాకీ సేఫ్టీ తీసేశాను. వేలు ట్రిగ్గరు మీద పెట్టాను. మూడు వారాల కోపం ఆ వేలిలో ఉంది. కుచ్చు లేకపోయినా కాల్చేద్దామని మూడు లెక్కపెట్టడం మొదలుపెట్టి రెండు దాకా వచ్చాను. అప్పుడు ఆ తల వంగి తుమ్మింది. మూడుసార్లు, ఒకదాని వెంట ఒకటి. నిన్న మెట్ల మీద అనని దీవెన శనివారం అక్కడే అనేశాను, నీకు వినపడలేదు. సేఫ్టీ మళ్ళీ వేయడానికి నాకు రెండు చేతులూ కావలసి వచ్చాయి.